పీపా పొయ్యి

తెరేసమ్మ మా పొయ్యి దగ్గరికి వచ్చిన మొదటి రోజే మా అత్తగారికి ఆవిడ మీద అనుమానం పుట్టింది. ఆ మాటకొస్తే అనుమానం అత్తగారొక్కరిదే కాదు. ఆ చలికాలమంతా మేం నలుగురం ఒకే నిప్పు చుట్టూ చేరి, ఒకరి చేతుల వంక ఒకరం చూసుకుంటూ గడిపాం.

అది నలభై నాలుగో సంవత్సరం చివర. యుద్ధం మూలంగా నూలు దొరక్క పెడనలో మా మగ్గాలు ఆగిపోయాయి. మా ఆయన మార్కండేయులు నన్నూ, వాళ్ళమ్మ రావమ్మగారినీ వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి, వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్లో బేళ్ళు కట్టే పనికి కుదిరాడు. కొన్నాళ్ళకి అక్కడ కూడా కట్టడానికి బేళ్ళు లేకుండా పోయాయి. అప్పుడాయన మిలిటరీ లారీల షెడ్డు దగ్గర ఒక ఖాళీ పీపా సంపాదించి, నిలువునా కోయించి, కాళ్ళు వేయించి, పైన ఇనప జాలీ పరిచాడు. గుణదల వెళ్ళే దారిలో ఏలూరు కాలవ గట్టున దాన్ని నిలబెట్టి, బొగ్గుల మీద కాల్చిన మాంసం అమ్మబోతున్నానన్నాడు. నాకప్పుడు ఐదో నెల. పురుగులాంటి భయం ఒకటి లోపల తొలుస్తూనే ఉంది గాని, వద్దనడానికి ఇంకో దారి చూపించాలి కదా!

మొదటి రోజు ముక్కలు పైన నల్లగా మాడిపోయాయి. రైల్వే షెడ్డులో పనిచేసే ఒకాయన ఒక ముక్క కొరికి, "లోపల పచ్చిగా ఉందయ్యా!" అని కాలవలోకి ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆయన వెనక బొగ్గుల గంప నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ.

"మంట అట్టా లేస్తుంటే ముక్క పెడతారా ఎవరన్నా?" అంది. "ముందు మంట ఆరనీ. బొగ్గు మీద తెల్లగా బూడిద పట్టనీ. అప్పుడు పెట్టు."

"నీకెట్లా తెలుసు?" అన్నారు అత్తగారు.

"మా ఆయన రైల్వే దొర బంగళాలో వంటమనిషండీ. దొరగారు తోటలో ఇట్టాగే కాల్పించేవాడు. మా ఆయన పోయాక నన్ను పొమ్మన్నారు. గుణదల్లో ఉంటా. బొగ్గులమ్ముకుంటా." గంప దించి పీపాలోకి తొంగిచూసింది. "ఇది నూనె పీపాయే కదా? లోపలంతా ఓ పూట బాగా కాల్చారా?"

కాల్చలేదు. మరునాడు పొద్దున ఆవిడే వచ్చి, ఖాళీ పీపాలో కట్టెలు వేసి, ఆ కంపు పోయేదాకా మండించింది. పొయ్యిని పక్కనున్న తాటాకు పాకకి దూరంగా జరిపించింది. పక్కన బకెట్టు నిండా ఇసక పోయించింది. సాయంత్రానికి ముక్కలు ఎర్రగా, మెత్తగా కాలాయి. ఎముక దగ్గర కత్తితో చీల్చి చూసి, లోపల ఎరుపు కనిపించినదాన్ని మళ్ళీ నిప్పుల మీదికి నెట్టింది. ఆ రోజు మా దగ్గర ఒక్క ముక్క మిగల్లేదు. ఆవిడకి వాటా ఇచ్చే షరతు మీద మా ఆయన ఆవిణ్ణి పనిలోకి పిలిచాడు.

అత్తగారికి అది నచ్చలేదు. అయినా తనూ ఒక షరతు పెట్టారు. "మాంసం దాని చేతి కింద ఉండనీ. వంకాయలూ ఉల్లిపాయలూ చిలగడదుంపలూ మాత్రం నేనే కాలుస్తాను. అప్పుడు మాంసం ముట్టని కొట్లవాళ్ళు కూడా వచ్చి తింటారు." తెరేసమ్మ ముట్టుకున్నది అత్తగారు నోట పెట్టేవారు కాదు. అమ్మడానికి మాత్రం అభ్యంతరం లేదు. తెరేసమ్మ ఆ మాట విని, పీపా రెండో కొసన కూరగాయలకి చోటు వదిలి, తన ముక్కలు తన వైపుకి జరుపుకుంది.

తెరేసమ్మకి రెండు పళ్ళేలు కావాలి. పచ్చి మాంసం పెట్టింది ఒకటి, కాలింది పెట్టింది ఇంకొకటి. ఒకసారి తొందరలో మా ఆయన కాలిన ముక్కల్ని పచ్చి పళ్ళెంలోకి తీయబోతే చేతిలోని పట్టకారు లాక్కుంది.

"ఏమవుతుంది?" అన్నారు అత్తగారు.

"ఏమోనండీ. దొరసాని ఊరుకునేది కాదు. ఎందుకని నేను అడగలేదు."

"ఎందుకో తెలియకుండానే చేస్తావా?"

"జీతం ఇచ్చే మనిషి చెబితే చేస్తాం కదండీ."

మసాలా మాత్రం ఆవిడ మా దగ్గర నూరేది కాదు. ఇంటి దగ్గరే పొడి కొట్టి, మూత బిగించిన రేకు డబ్బాలో తెచ్చేది. కొంత పెరుగులో కలిపి మాంసానికి పట్టించేది. కొంత పొడి, కాలిన వాటి మీద చల్లడానికి విడిగా ఉంచేది. అందులో ఏమేం వేశావని అత్తగారు అడిగితే, "అది చెబితే రేపట్నించి మీకు నాతో పనేముంటుందండీ?" అని నవ్వింది. ఆ నవ్వు కూడా అత్తగారికి అనుమానంగానే కనిపించింది.

"దానికి పిల్లల్లేరు," అన్నారు ఇంటికి వచ్చాక నాతో. "నీ కడుపు వంక ఎట్లా చూస్తోందో గమనించావా?"

"మామూలుగానే చూస్తోందత్తయ్యా."

"నీకు తెలీదు. ఇట్లాంటివాళ్ళు మందు పెడతారు. దాని చేతిది ఏదీ తినకు."

సంక్రాంతి దాటాక గిరాకీ పెరిగింది. రైల్వే షెడ్డు పనివాళ్ళు, లారీ డ్రైవర్లు, చీకటి పడకముందే పని ముగించుకున్న గుమాస్తాలు గట్టు మీద బారులు తీరేవాళ్ళు. మా ఆయన విసనకర్ర ఆపకుండా విసిరేవాడు. తెరేసమ్మకి ఊపిరి తిరిగేది కాదు. మాంసం ఊరిన గిన్నె అడుగున మిగిలిన మసాలాని రోజూ తనే వెళ్ళి పారబోసి, గిన్నె బూడిదతో తోమేది. ఒక సాయంత్రం జనం ఎక్కువై, ఆ గిన్నె అత్తగారికి అందించింది.

"పెద్దమ్మగారూ, ఇది కాస్త గట్టు అవతల పారబొయ్యండి."

అత్తగారి మొహం మాడిపోయింది. తనకి పని చెప్పడమా అని. అయినా గిన్నె తీసుకుని చెట్ల చాటుకి వెళ్ళారు. ఆ తర్వాత రోజూ ఆ పని అత్తగారిదే అయింది.

వారం తిరక్కుండా నాకు జబ్బు చేసింది.

ఆ సాయంత్రం నేను గట్టు మీదికి వెళ్ళాను. మాంసం వాసన పడక మాంసం తినడం మానేశాను గాని, కాలిన వంకాయ వాసనకి నోరూరింది. తీసి పెట్టినవాటిలోంచి రెండు తిన్నాను. తెల్లవారుతుండగా కడుపులో మెలిపెట్టింది. ఇక వాంతులు, విరోచనాలు. మధ్యాహ్నానికి కాళ్ళు చల్లబడ్డాయి. మా ఆయన జట్కా కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ వరండాలో పడుకోబెట్టిన మనిషిని నేను గుర్తుపట్టాను. గోడౌన్ గుమాస్తా వెంకటప్పయ్యగారు. ఇంకో ఇద్దరు షెడ్డువాళ్ళు కూడా ఉన్నారు. నలుగురం ముందురోజు సాయంత్రం గట్టు మీద తిన్నవాళ్ళమే.

కలరా అన్నారు. కాదన్నారు. ఆ గొడవంతా నా చెవులకి దూరంగా వినిపించింది. నేను మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల కదలిక కోసం కాచుకుని పడుకున్నాను. ఆ రోజంతా కదల్లేదు. రెండో రోజు పొద్దున చేపపిల్ల తోక విదిలించినట్టు ఒక్కసారి తగిలింది. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

నేను ఇంటికి వచ్చిన మరునాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ పూర్ణచంద్రరావుగారు గట్టు మీదికి అందరినీ పిలిపించారు. ఆయన పడుచువాడు. గొంతు పెంచేవాడు కాదు. అడిగిందే మళ్ళీ అడిగేవాడు. నన్ను ఒక పెట్టె మీద కూర్చోబెట్టారు.

"మాంసం ఎక్కడిది?" అని మొదలుపెట్టారు.

"రోజూ తెచ్చే కొట్టుదే సార్. పొద్దున కోసిందే," అన్నాడు మా ఆయన.

వెంకటప్పయ్యగారు నీరసంగా చెయ్యెత్తారు. "నేను మాంసం తినలేదండీ. శనివారం ముట్టను. రెండు వంకాయలు, ఉల్లిపాయలు, అంతే."

"నేనూ వంకాయలే తిన్నానండీ," అన్నాను.

ఇన్‌స్పెక్టర్‌గారు పెన్సిలు ఆపారు. "మాంసం తినని వాళ్ళకి కూడా వచ్చిందన్నమాట. కూరగాయలు ఎవరు కాల్చారు?"

"మా అమ్మే సార్," అన్నాడు మా ఆయన. "పైన చల్లింది మాత్రం ఆ డబ్బాలో పొడి."

అందరి కళ్ళూ తెరేసమ్మ వైపు తిరిగాయి. అత్తగారు రెండడుగులు ముందుకి వేశారు.

"నేను మొదట్నించీ మొత్తుకుంటున్నానండీ. అందులో ఏముందో చెప్పమంటే చెప్పదు. కడుపుతో ఉన్న పిల్ల మీద కన్నేసింది. మందు పెట్టింది!"

తెరేసమ్మ అత్తగారి వంక చూడలేదు. డబ్బా మూత తీసి, అరచేతిలో పొడి పోసుకుని, ఇన్‌స్పెక్టర్‌గారి ఎదురుగానే నోట్లో వేసుకుంది. మిరియాల ఘాటుకి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నమిలి మింగింది.

"ఇంకా తినమంటారా?" అంది.

"విరుగుడు తాగి వచ్చుంటుంది," అన్నారెవరో వెనకనించి. పదిమంది ఆ మాటే అందుకున్నారు.

ఇన్‌స్పెక్టర్‌గారు డబ్బా పరీక్షకి పంపుతానని తీసుకెళ్ళారు. తేలేదాకా పొయ్యి ముట్టించొద్దన్నారు. తెరేసమ్మ తన గంప ఎత్తుకుని వెళ్ళిపోతుంటే ఒక మట్టిబెడ్డ వచ్చి ఆవిడ భుజానికి తగిలింది. ఎవరు విసిరారో నేను చూడలేదు. ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, గట్టు మీదున్న మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. చివరికి నా మొహం దగ్గర ఆగింది. ఆ చూపు ఏమిటో నాకర్థం కాలేదు. పాపం అనిపించింది. అంతలోనే, ఒకవేళ నిజమేనేమో అని కూడా అనిపించింది.

తర్వాత గుణదల నించి వచ్చినవాళ్ళు చెప్పగా విన్నాం, ఆవిడ దగ్గర బొగ్గులు కూడా ఎవరూ కొనడం లేదట. ఆవిడ బిందె పెడితే కుళాయి దగ్గర ఆడవాళ్ళు పక్కకి జరుగుతున్నారట.

కొన్నాళ్ళకి పొడిలో ఏమీ లేదని తేలింది. పొయ్యి మళ్ళీ పెట్టుకోవచ్చని కబురొచ్చింది. "వేరే డబ్బా ఇచ్చి ఉంటుంది," అన్నారు అత్తగారు. తెరేసమ్మని మళ్ళీ పిలిచే మాటే రాలేదు. మసాలా అత్తగారే నూరారు. మాంసం మా ఆయన కాల్చాడు. చూసి చూసి నేర్చుకున్నాడు కనక బాగానే కాల్చేవాడు. జనం ఒకరిద్దరుగా తిరిగి రాసాగారు.

అప్పుడే ఒక లారీ క్లీనరు మా దగ్గర తిన్న మర్నాడు వాంతులతో పడిపోయాడు.

"వాడు తాగి ఉన్నాడు," అన్నాడు మా ఆయన.

"తాగినవాడికి విరోచనాలు ఎందుకవుతాయి?"

"నీకెందుకివన్నీ? పడుకో."

నాకు నిద్ర పట్టలేదు. తెరేసమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ డబ్బా లేదు. మరి ఎవరు? కొట్టువాడా? గిట్టనివాడెవరైనా చాటుగా వచ్చి కలుపుతున్నాడా? పక్కన పడుకున్న మనిషిని కూడా చూశాను. ఏదో తెలిసి దాస్తున్నాడా అనిపించింది. మర్నాడు సాయంత్రం, గాలికి తిరిగొస్తానని చెప్పి గట్టుకి వెళ్ళాను. పొయ్యికి కాస్త ఎడంగా, తుమ్మచెట్టు కింద కూర్చుని అందరి చేతులూ చూడసాగాను. మా ఆయనవి, అత్తగారివి, తినడానికి వచ్చిన ప్రతివాడివీ.

మా ఆయన మాంసం కాల్చి, శుభ్రమైన పళ్ళెంలోకే తీస్తున్నాడు. అత్తగారు వంకాయలు తిప్పి తిప్పి కాల్చారు. తొక్క పేలి, లోపల మెత్తబడ్డాక దించి ఆకులో పెట్టారు. ఆ తర్వాత బల్ల కిందికి వంగి, గుడ్డ కట్టిన ఒక చిన్న ముంత తీశారు. అరటినార కుంచె అందులో ముంచి, దించిన వంకాయల మీద పూశారు. వంకాయలు నూనె రాసినట్టు నిగనిగలాడాయి. కొనుక్కునేవాడు లొట్టలు వేస్తూ చెయ్యి చాపాడు.

నేను లేచి వెళ్ళాను. "అది ఎవరికీ ఇవ్వకండత్తయ్యా."

"ఎందుకని?"

"ఆ ముంతలో ఏముంది?"

"ఏముంటుంది? మాంసం ఊరిన మసాలా. పెరుగు, అల్లం, వెల్లుల్లి. బంగారం లాంటిది."

"పచ్చి మాంసం ఊరిందా? ఇవాళ్టిదా?"

"నిన్నటిది కొంచెం, ఇవాళ్టిది కొంచెం. ఎందుకట్లా చూస్తావ్?"

నేను ముంత మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. అల్లం ఘాటు వెనక, అడుగునించి, పుల్లగా కుళ్ళు వాసన వచ్చింది.

"ఎప్పట్నించి పూస్తున్నారిది?"

"అది నా చేతికిచ్చి పారబొయ్యమన్నప్పట్నించి," అన్నారు అత్తగారు. "నూలు లేక, బియ్యం లేక జనం చస్తుంటే, పెరుగూ మసాలా కాలవపాలు చెయ్యమంటుందా అది? నాకు చేతులు రాలేదు."

ఆవిడకి ఇంకా తెలియలేదు. నా మొహం చూస్తూ, చూస్తూ, మెల్లగా తెలిసింది. కుంచె ముంతలో పెట్టి, ముంతని బల్ల మీద పెట్టి, మా ఆయన వంక చూశారు. ఆయన విసనకర్ర ఆపేశాడు.

"లోపలికి పద," అన్నాడు నాతో. లోపలనేది అక్కడేమీ లేదు. చెట్టు చాటుకి తీసుకెళ్ళాడు. "ఇది ఎవరికీ చెప్పకు."

"తెరేసమ్మకో?"

"ఆవిణ్ణి ఎవరూ జైల్లో పెట్టలేదు కదా! అమ్మ చేసిందని తెలిస్తే ఈ ఊళ్ళో మనల్ని నిలబడనిస్తారా? ముంత పారేస్తాను. ఇక రాదు. అయిపోయింది."

మేం వెనక్కి వచ్చేసరికి అత్తగారు ఆ ఆకులో మిగిలిన రెండు వంకాయలూ తింటున్నారు.

"అమ్మా!" అని ఆయన అరిచాడు.

"అది పొడి తిని చూపించింది," అన్నారావిడ నములుతూనే. "నేను కాల్చింది నేను తినలేనా? నాకేమీ కాదు. చూడండి, ఏమీ కాదు."

తెల్లారేసరికి ఆవిడ లేవలేకపోయారు. నాకు వచ్చినట్టే వచ్చింది. నేనే ఉప్పు వేసిన గంజినీళ్ళు చెంచాతో పోశాను. రెండు రోజులు ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తేరుకున్నాక కూడా గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఆవిడ మనసులో ఏముందో అని వెతికాను. ఒప్పుకుంటారా? నా మీదికి తోస్తారా? వంకాయలకి ఉప్పు రాసింది నేనే అంటారా? ఏదైనా అనగలరు. నాలుగేళ్ళుగా ఆవిడ కింద బతికాను.

మా ఆయన పొయ్యి ఆర్పేశాడు, కోలుకున్నాక మళ్ళీ చూద్దామని. కాని ఇంట్లోంచి కదల్లేదు. నేను బిందె ఎత్తుకుంటే "నేను తెస్తాలే" అని లాక్కునేవాడు. వీధి అరుగు మీద కూర్చుంటే తనూ వచ్చి కూర్చునేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకు నీళ్ళు మోసిపెట్టింది అప్పుడే. చూసినవాళ్ళు కడుపుతో ఉన్న పెళ్ళాం మీద ప్రేమనుకున్నారు. నేను ఇన్‌స్పెక్టర్‌గారి దగ్గరికి వెళ్తానేమో అని కాపలా కాస్తున్నాడని నాకొక్కదానికే తెలుసు.

గుణదల మేరీమాత తిరునాళ్ళ రోజు పొద్దున నిద్ర లేచేసరికి అత్తగారి పడక ఖాళీగా ఉంది. ఆవిడ శాలువా లేదు. చేతిసంచీ లేదు.

"పెడన వెళ్ళిపోయింది," అన్నాడు మా ఆయన తల పట్టుకుని. "ఈ ఒంటితో రైలెక్కిందో ఏమో!"

నేనూ అదే అనుకున్నాను. తప్పించుకుందనుకున్నాను. ఆయన స్టేషనుకి పరిగెత్తాడు. గుమ్మం దగ్గర కాపలా లేదు. చెప్పులు వేసుకుని గుణదల దారి పట్టాను.

దారంతా జనం. కొవ్వొత్తుల కట్టలు పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని, పాటలు పాడుకుంటూ కాలవ పక్కన నడుస్తున్నారు. నేను నాలుగుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నాను. తెరేసమ్మ ఇల్లు ఎవర్నడిగినా ముందు నా మొహంలోకి అనుమానంగా చూసి, తర్వాత చెయ్యెత్తి చూపించారు. కొండకి ఈ పక్క, పాకల వరసలో చివరిది. దాని ముందు ఒక గుంపు.

గుంపు మధ్యలో నేల మీద మా అత్తగారు కూర్చుని ఉన్నారు. నడిచొచ్చిన అలసటకి పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఎదురుగా తెరేసమ్మ నిలబడి ఉంది.

"నా చేత్తో నేనే పూశాను," అంటున్నారు అత్తగారు, గుంపులో అందరికీ వినపడేలా. "ఈవిడ పారబొయ్యమంది. నేను పారబొయ్యకుండా దాచాను. పచ్చి మాంసం నీళ్ళు కాలినవాటి మీద పూశాను. నా కోడలికి నేనే పెట్టాను. ఈవిడ పెట్టింది కాదు."

"ఎవరు పంపించారు మిమ్మల్ని?" అంది తెరేసమ్మ. ఆ గొంతులో మెత్తదనం లేదు. "మీ అబ్బాయా? పొయ్యి నడవట్లేదా నేను లేకుండా?"

"వాడికి తెలీదు. తెలిస్తే రానివ్వడు."

తెరేసమ్మ అప్పుడు నన్ను చూసింది. గుంపు పక్కకి తప్పుకుంది.

"నేను నువ్వే అనుకున్నా," అంది నాతో. "నన్ను సాగనంపడానికి జబ్బు నటించావనుకున్నా. ఆ రోజు గట్టు మీద నీ మొహం చూస్తే అట్టాగే అనిపించింది."

"నేను కూడా మిమ్మల్ని కాసేపు అనుమానించాను," అన్నాను.

"ఆఁ, తెలుసు."

ఆవిడ కొంగు బిగించుకుని అత్తగారి ముందుకి వంగింది. "ఇక్కడ చెబితే నాకేం లాభమండీ? ఇన్‌స్పెక్టరుగారు తిరునాళ్ళలో డేరా వేశారు. ఆయన దగ్గర చెప్తారా?"

"పద," అన్నారు అత్తగారు. లేవబోయి తూలారు. తెరేసమ్మ రెక్క పట్టుకుని లేపింది. అత్తగారు ఆ చెయ్యి విదిలించుకోలేదు. ముగ్గురం జనంలో పడి నడిచాం. గుంపు మా వెనకే వచ్చింది.

డేరాలో పూర్ణచంద్రరావుగారు మంచినీళ్ళ పీపాల్లో మందు కలిపిస్తున్నారు. అత్తగారు చెప్పింది విని, తన పద్ధతిలో మళ్ళీ మళ్ళీ అడిగారు. అత్తగారు మాట మార్చలేదు.

"వాసన రాలేదా అమ్మా?"

"వచ్చింది బాబూ. మసాలా వాసనేమో అనుకున్నా. మా ఇళ్ళల్లో ఏదీ పారెయ్యం."

ఆయన అదంతా కాగితం మీద రాసుకున్నారు. చివరికి, మా పొయ్యికి అనుమతి రద్దు చేస్తున్నానన్నారు. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి అత్తగారే స్వయంగా వెళ్ళి ఈ మాట చెప్పాలన్నారు. డేరా బయటికి వచ్చి, చూస్తున్న జనంతో, తెరేసమ్మ తప్పేమీ లేదనీ, ఆవిడ ఎక్కడ పొయ్యి పెట్టుకున్నా తనకి అభ్యంతరం లేదనీ చెప్పారు. జనంలో కొందరు నమ్మారు. "ఏదో లోపాయికారీగా కుదుర్చుకున్నారు" అని గొణిగినవాళ్ళూ ఉన్నారు.

అత్తగారు డేరా నీడన కూలబడ్డారు. తెరేసమ్మ వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది. కళ్ళు నా పొట్ట మీద పడ్డాయి. వెంటనే పక్కకి తిప్పుకుంది.

"కదులుతోందా?" అంది.

ఆసుపత్రి నించి వచ్చినప్పట్నించీ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"కదులుతోందండీ."

ఆవిడ తలూపింది. మళ్ళీ మాతో కలిసి పనిచెయ్యమని నేను అడగలేదు. ఆవిడా వస్తానని అనలేదు. కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళ మధ్యనించి దారి చేసుకుంటూ తన పాకల వైపు వెళ్ళిపోయింది. ఆ వేసవిలో గుణదల్లో సొంతంగా పొయ్యి పెట్టిందని, లారీలు ఆగుతున్నాయని తర్వాత విన్నాను.

మా ఆయన వాళ్ళమ్మతో ఉగాది దాకా మాట్లాడలేదు. నాతో మాట్లాడాడు గాని, ఎదురుగా చూసేవాడు కాదు. అత్తగారు వెంకటప్పయ్యగారింటికీ, షెడ్డువాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి వచ్చారు. ఒకచోట తలుపు తీయలేదట. బయటినించే చెప్పి వచ్చారట.

ఉగాది వెళ్ళాక పెడన సొసైటీకి కాస్త నూలు వచ్చిందని తెలిసి మూటలు కట్టుకున్నాం. రైలు కదిలాక మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "నిన్ను మీ పుట్టింట్లో దింపుతాను. పురుడు అక్కడే పోసుకో. ఇక్కడ అమ్మ చేతిలో ఎందుకు?" అన్నాడు.

అత్తగారు విన్నారు. ఎదురు బల్ల మీద కూర్చుని, ఒళ్ళోని సంచీ తాళ్ళు ముడి వేస్తూ, విప్పుతూ ఉండిపోయారు.

"నేను వెళ్ళను," అన్నాను. "అత్తయ్య దగ్గరే ఉంటాను."

ఆయన మొదటిసారి తిరిగి నా కళ్ళలోకి చూశాడు. అత్తగారు లేచి, కిటికీ పక్క తను కూర్చున్న చోటు నాకిచ్చి, ఎండ నా మీద పడకుండా కొంగు అడ్డం పట్టారు.